అమ్మకెన్ని డైలాగులు?

మా ఊరి పేరుతో ఒక సినిమా ఉంది. 2001 డిసెంబరులో వచ్చింది. అర్జున్, జగపతిబాబు, వేణు, స్నేహ, లయ అంతా కట్టగట్టుకుని నటించారు. నేనప్పుడు బి.ఏ. చదువుతున్నాను. ఆ తర్వాత నుంచీ రైల్లోనో బస్సులోనో ఎవరైనా "ఏ ఊరండీ మీది?" అని అడిగి, నేను "హనుమాన్ జంక్షన్" అనగానే, "ఆఁ, ఆ సినిమా భలే ఉంటుందండీ!" అంటారు. ఊరెలా ఉంటుందని ఒక్కరూ అడగరు. చెప్పొద్దూ, మొదట్లో నాకూ గర్వంగానే ఉండేది. ఆ కథ అంతకు ముందు ఏడాది మలయాళంలో వచ్చిన 'తెంకాశిపట్టణం' అని తెలిశాక గర్వం కాస్త దిగింది. కథ వాళ్ళది, పేరు మాది.

అలాగని ఒకర్ని అనడానికి మాకు మాత్రం నోరెక్కడిది? మా ఊరి రైలు స్టేషను బోర్డు మీద ఉండేది 'నూజివీడు' అని. నూజివీడు వెళ్ళాల్సినవాళ్ళు ఇక్కడ దిగి మళ్ళీ బస్సెక్కాలి. కొత్తవాళ్ళు దిగి, మామిడితోటలేవీ అన్నట్టు నాలుగు దిక్కులూ చూస్తూ నిలబడతారు. స్టేషను మాది, పేరు వాళ్ళది. ఒకరి పేరు ఒకరు పెట్టుకోవడం, ఒకరి నోటితో ఇంకొకరు మాట్లాడటం మాకు కొత్త కాదు. ఇదంతా సినిమా సంగతికి ఏం పనికొస్తుందంటారా? పనికొస్తుంది. కాస్త ఓపిక పట్టండి.

ఈ మధ్య చూసిన సినిమాల మీద ఏదో తోచింది రాయమన్నారు సంపాదకులు. తోచింది రాయడమంటే నాకు సరదాయే గానీ, నేను విమర్శకురాల్ని కాను. కెమెరా ఎక్కడ పెట్టారో, ఎడిటింగ్ ఎలా కుదిరిందో నాకు తెలీదు. ఇంటర్వెల్లో పాప్‌కార్న్ ధర చూసి గుండె పట్టుకునే మామూలు ప్రేక్షకురాల్ని. కాకపోతే నవలలు రాసేవాళ్ళకి ఒక జబ్బుంటుంది. తెర మీద ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి చేత మాట్లాడించడం లేదు అని లెక్క చూడటం. వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి నోరు తెరుస్తుందా లేదా అని ఎదురుచూడటం. నేను కొంతకాలంగా చేస్తున్న పని అదే. సినిమాలో అమ్మకి, ఆలికి ఎన్ని డైలాగులు ఇచ్చారో లెక్క పెట్టుకోవడం.

ముందు సరదా సినిమాతో మొదలుపెడదాం. 2025 సంక్రాంతికి ఇంటిల్లిపాదీ వెళ్ళింది 'సంక్రాంతికి వస్తున్నాం'. జనవరి 14న విడుదలైంది. అనిల్ రావిపూడి దర్శకుడు, వెంకటేష్ హీరో. ఐశ్వర్యా రాజేష్ ఆయన భార్య భాగ్యలక్ష్మి, మీనాక్షీ చౌదరి పాత ప్రేయసి. ఇద్దరి మధ్యా ఆయన నలిగిపోతుంటాడు. బుల్లిరాజు అనే పిల్లాడి నోటికి జడిసి, మా పక్కింటి పిన్నిగారు మనవడి చెవులు మూసి కూచున్నారు. ఆవిడ మాత్రం పగలబడి నవ్వారు. మావారు నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేనూ నవ్వాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఐశ్వర్యా రాజేష్ బ్రహ్మాండంగా చేసింది. జంధ్యాల సినిమాల్లో మనల్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించిన శ్రీలక్ష్మికి మేనకోడలాయె! హాస్యం ఆ ఇంట్లోనే ఉంది.

భాగ్యలక్ష్మికి డైలాగులకి కొదవలేదు. సినిమా అంతా మాట్లాడుతూనే ఉంటుంది. అయితే ఇంటికొచ్చి పక్క దులుపుతుంటే ఒక సందేహం వచ్చింది. ఆవిడ అన్ని మాటలు మాట్లాడింది గదా, మొగుడి మీద అనుమానం గురించీ, ఇంకో ఆడదాని గురించీ కాకుండా తన గురించి ఒక్కటి మాట్లాడిందా? ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాలేదు. మావారితో అంటే, "పండక్కి నవ్వుకోవడానికి వెళ్ళి లెక్కలేవిటోయ్, ఇంకెప్పుడూ నిన్ను సినిమాకి తీసుకెళ్ళను" అన్నారు. అదీ నిజమే. పండగ పిండివంటలో పోషక విలువలు వెతక్కూడదు. కానీ నోటి నిండా మాటలుండటం, చెప్పుకోవడానికి మాట ఉండటం ఒకటి కాదని మాత్రం ఆ రాత్రి మనసులో పడింది.

రెండు నెలలు తిరక్కుండా, మార్చి 14న 'కోర్ట్' వచ్చింది. నాని సమర్పించిన సినిమా, రామ్ జగదీష్ దర్శకుడు. కథ 2013లో విశాఖపట్నంలో జరుగుతుంది. చందు అనే 19 ఏళ్ళ కుర్రాడు, జాబిల్లి అనే పిల్ల ఇష్టపడతారు. ఆ పిల్లకి 18 నిండటానికి కొంచెమే తక్కువ. ఇంటిమీద పెత్తనం చేసే మంగపతి మామయ్య కుర్రాడి మీద పోక్సో కేసు బనాయించి జైల్లో పెట్టిస్తాడు. ఆ చట్టం అమల్లోకి వచ్చింది 2012 నవంబరు 14న. పసిపిల్లల్ని కాపాడటానికి తెచ్చిన చట్టమే, పరువు కోసం పాకులాడేవాడి చేతిలో ఎలా కత్తవుతుందో చెప్పే కథ. చట్టం చెడ్డదని కాదు, దాన్ని అడ్డం పెట్టుకునేవాడు చెడ్డవాడని చెప్పడంలో సినిమా తూకం తప్పలేదు. ప్రియదర్శి లాయరుగా చక్కగా చేశాడు. మంగపతిగా శివాజీని జనం నెత్తిన పెట్టుకున్నారు. హాల్లోంచి బయటికొస్తుంటే మెట్ల మీద కుర్రాళ్ళు ఆయన్ని అనుకరిస్తూ గద్దిస్తున్నారు. నవ్వుతూ అనుకోండి. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. ఆ గద్దింపు నేను విన్నదే. మీరూ వినే ఉంటారు. పేరే మంగపతి కాదు, అంతే.

ఆ ఇంట్లో జాబిల్లి తల్లి ఉంది. రోహిణి వేసింది ఆ పాత్ర. మామయ్య అరుస్తుంటే ఆవిడ కళ్ళు కిందికే. కూతుర్ని కాపాడుకోవాలనుంది, నోరు పెగలదు. నేను మంగపతిని వదిలేసి ఆవిడ చేతులు చూస్తూ కూచున్నాను. చీర కొంగు నలిపే చేతులు అబద్ధం చెప్పవు.

ఇక్కడ రోహిణి గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. చిన్నపిల్లగా తెర మీదికి వచ్చిన మనిషి. మా తరానికి మొహం కంటే ముందు గొంతు తెలుసు, తెలుసని మాకు తెలీదు. 1989లో 'గీతాంజలి' చూసి ఊరూరా ఆడపిల్లలు గిరిజలాగా మాట్లాడాలని సరదాపడ్డారు గదా, ఆ మాటలు గిరిజవి కావు. రోహిణివి. మొహం ఒకరిది, గొంతు ఇంకొకరిది. మా స్టేషనూ బోర్డూ లాగే. అలా ఎందరో కథానాయికలకి తన గొంతు అరువిచ్చింది. 2011లో నందినీ రెడ్డి తీసిన 'అలా మొదలైంది'లో ఆవిడ నానికి తల్లి. కొడుకుతో స్నేహితురాల్లా నవ్వుతూ, వేళాకోళాలాడుతూ ఉండే తల్లి. అటువంటి అమ్మని చూసి అప్పట్లో నేను, "ఇదేవిటీ, అమ్మ ఇలా కూడా ఉండొచ్చా!" అని ఆశ్చర్యపోయాను. ఆ తల్లికి నోరుంది. పద్నాలుగేళ్ళు గడిచేసరికి అదే నాని సమర్పించిన సినిమాలో ఆవిడకి నోరు పెగలని తల్లి వేషం దొరికింది. బోలెడంతమందికి మాటలిచ్చిన మనిషికి! దర్శకుణ్ని తప్పు పట్టడం లేదు. కథ అటువంటిది. అయినా విచిత్రంగా అనిపించింది.

అమ్మలంటే మనకి కరువు లేదు. మన సినిమా అమ్మల పుట్టిల్లు. మా బందరు నిర్మలమ్మ తెర మీదికి వస్తే చాలు, హాల్లో సగంమందికి వాళ్ళ బామ్మ జ్ఞాపకం వచ్చేది. 1991లో దాసరి నారాయణరావు 'అమ్మ రాజీనామా' తీశారు. తెనాలి ఆడపడుచు శారద అందులో తల్లి. అమ్మ ఉద్యోగానికి సెలవులేదు, జీతం లేదు, ఇక నేను చెయ్యను అంటుంది. సినిమా చూసి ఏడ్చిన ఆడవాళ్ళంతా ఇంటికి పోయి పొయ్యి వెలిగించారు. అది వేరే సంగతి. పేరైనా ఎంత గొప్పగా ఉంది! అమ్మకి రాజీనామా చేసే హక్కుందని ఒక తెలుగు సినిమా బోర్డు కట్టి చెప్పింది.

ఈ మధ్యన ఇంట్లో టీవీలో చూసిన '35 – చిన్న కథ కాదు' నాకు ఎక్కువ నచ్చింది. 2024 సెప్టెంబరులో వచ్చింది. తిరుపతిలో ఒక మామూలు సంసారం. భర్త బస్సు కండక్టరు. పెద్దకొడుక్కి లెక్కలు రావు. రావంటే బుర్ర లేక కాదు. సున్నాకి విలువే లేనప్పుడు, అది ఒకటి పక్కన చేరగానే పది ఎలా అవుతుందని వాడి ప్రశ్న. జవాబు చెప్పే ఓపిక ఎవరికీ లేదు. వాణ్ని మాస్టారు సున్నా అనే పిలుస్తాడు. తల్లి సరస్వతి పదో తరగతి తప్పిన మనిషి. కొడుక్కి చెప్పడం కోసం తను లెక్కలు నేర్చుకుంటుంది. ఆ 35 పాసు మార్కులు. నివేదా థామస్ ఆ పాత్రలో నటించినట్టే లేదు. తులసికోట దగ్గర మన వదినగారిని చూసినట్టుంది.

ఈ సినిమా మీద నాకో చిన్న ఫిర్యాదు కూడా ఉంది. సరస్వతి చదువుకున్నది కొడుకు కోసం. కొడుకు మొదటిసారే పాసై ఉంటే ఆవిడ పలక పట్టేదా? అమ్మ ఏ పని చేసినా పిల్లల ఖాతాలోనే జమ పడాలా? అని మా అమ్మాయి అడిగింది. అది బెజవాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, సెలవులకొచ్చి నా పక్కన కూచుని చూసింది. నేను, "పోనీలేవే, దేనికోసమైతేనేం, నేర్చుకుంది గదా" అన్నాను. మా అమ్మ అక్కడే కూచుని చిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. ఏమీ అనలేదు. మా అమ్మ ఏమీ అనదు. డెబ్భై దాటిన మనిషి. నాన్న పోయాక నా దగ్గరే ఉంటోంది.

అసలు నేను రాయాలనుకున్నది ఇక్కణ్ణుంచే. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో టిక్కెట్టు లేదు. లేదనగా, ఉంది, సున్నా రూపాయల టిక్కెట్టు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు కొట్టి ఇస్తాడు. మా అమ్మ దాన్ని పారెయ్యదు. మడత పెట్టి పర్సులో దాచుకుంటుంది. ఆ నవంబరులో 'ది గర్ల్‌ఫ్రెండ్' వచ్చింది. "అమ్మమ్మని కూడా తీసుకురా" అని మా అమ్మాయి ఫోను చేసింది. సున్నా టిక్కెట్లతో అమ్మా నేనూ బెజవాడ వెళ్ళాం.

రాహుల్ రవీంద్రన్ తీశాడు. భూమ అనే పిల్ల ఎం.ఏ. ఇంగ్లీషు సాహిత్యం చదవడానికి కాలేజీలో చేరుతుంది. రష్మిక ఆ పాత్ర. తల్లి లేదు, తండ్రే పెంచాడు. విక్రమ్ అనే కుర్రాడు ప్రేమిస్తాడు. ప్రేమిస్తాడంటే, సొంతం చేసుకుంటాడు. ఆ పిల్ల 'ఔను' అనకుండానే 'ఔను' అయిపోతుంది. అందులో కత్తులు లేవు, నెత్తురు లేదు. ఊపిరాడకపోవడం ఉంది. మన సినిమాల్లో వెంటపడి వేధించేవాణ్ని హీరో అని ఎన్నేళ్ళు చప్పట్లు కొట్టామో! అదే కుర్రాణ్ని ఈ సినిమా అటువైపు నుంచి, ఆ పిల్ల కళ్ళలోంచి చూపించింది. రష్మిక భయం, జంకు, తనమీద తనకే అనుమానం, అన్నీ మొహంలోనే పలికించింది. అక్కడక్కడా చెప్పిందే చెప్పినట్టు అనిపించినా, ఆ పిల్లని వదలబుద్ధి కాలేదు.

ఆ పిల్ల ఒకరోజు విక్రమ్ ఇంటికెళ్ళి వాళ్ళమ్మని చూస్తుంది. ఎవరనుకున్నారు? మళ్ళీ రోహిణి. ఒకే ఏడాదిలో రెండోసారి. ఈసారి ఆవిడకి మాటలు ఇంచుమించు లేవు. బిక్కుబిక్కుమంటూ, ఉన్నా లేనట్టుగా, గోడకి అంటుకుపోయినట్టుగా ఉండే మనిషి. భూమకి తన రేపు కనిపిస్తుంది. మాట లేకుండా అంత చెప్పడం, గొంతుతో బతికిన నటికే చెల్లింది.

సరిగ్గా అప్పుడు మా అమ్మ లేచింది. "మంచినీళ్ళు తాగొస్తా" అంది. సీసా నా సంచీలోనే ఉంది. చెప్పేలోపే వరస దాటి వెళ్ళిపోయింది. ఐదు నిమిషాలు చూశాను, పది చూశాను. మా అమ్మాయి వెళ్ళి చూసొచ్చి, "అమ్మమ్మ బయట బెంచీ మీద కూచుంది. బాగానే ఉంది. నన్ను పొమ్మంది" అంది. నేను లేవలేదు. సినిమా మంచి పట్టులో ఉంది. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది గానీ, నిజం అది.

మా నాన్న మంగపతి కాదు. ఎన్నడూ చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. అమ్మని ఏదీ అడగలేదు, అంతే. ఇల్లు ఎక్కడ కట్టాలి, పిల్లని ఏం చదివించాలి, రాత్రికి ఏం వండాలి, అన్నీ ఆయనే చెప్పేవారు. మంచివాడని ఊరంతా అనేవారు. నిజంగానే మంచివాడు. నేనూ ఆయన కూతుర్నే గదా, అమ్మని ఏదీ అడక్కుండానే ఇంతదాన్నయ్యాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూచుంది అమ్మ. రామవరప్పాడు దాటాం, గన్నవరం దాటాం. విమానాశ్రయం దీపాలు వెనక్కి పోయాయి. తేలప్రోలు వస్తుండగా, బయటికే చూస్తూ అడిగింది.

"ఆవిడేమైందే తర్వాత?"

"ఎవరమ్మా? ఆ పిల్లా?"

"పిల్ల కాదు. ఆవిడ. ఆ అబ్బాయి తల్లి."

నేను నోరు తెరిచాను. జవాబు రాలేదు. సినిమా చివరిదాకా కూచున్నదాన్ని నేను. డైలాగులు లెక్కపెట్టేదాన్ని నేను. ఆ పిల్ల ఏమైందో తడుముకోకుండా చెప్పగలను. ఆవిడ ఏమైందో చూడలేదు. ఆవిణ్ని చూసి ఆ పిల్ల భయపడిందా, మేలుకుందా అన్నదాని మీదే నా కళ్ళున్నాయి. ఆవిడ నాకూ ఒక హెచ్చరిక బోర్డే అయింది. ఇదిగో, నోరు మూసుకుంటే ఇలా అయిపోతావ్ అని పిల్లలకి చూపించే బోర్డు. బోర్డు దాటి పోయాక, వెనక్కి తిరిగి బోర్డుని ఎవరు చూస్తారు?

"సరిగ్గా గుర్తు లేదమ్మా" అన్నాను.

"నీ నవలల్లోనూ అంతేగా" అంది అమ్మ. నిష్ఠూరంగా కాదు, సంతలో ధర చెప్పినంత మామూలుగా.

మా అమ్మ నా నవలలు చదువుతుందని నాకు తెలీదు. నేను అడగలేదు గనక.

ఇంటికొచ్చి, రాత్రి అందరూ పడుకున్నాక, బీరువాలోంచి నా తొమ్మిది నవలలూ దించాను. ఒకదాంట్లో తల్లి మొదటి అధ్యాయంలోనే పోయింది, గుండెపోటు. ఇంకోదాంట్లో పురిట్లో పోయింది. రెండింట్లో దగ్గుతూ ఉంది. మూడింట్లో కాఫీ తెచ్చింది. ఒకదాంట్లో చివరి పేజీలో అక్షింతలు వేసింది. మిగిలిన ఒక్కదాంట్లో అసలు తల్లి ఉందో లేదో నేను రాయలేదు, పాఠకులూ అడగలేదు. సినిమావాళ్ళ మీద విసుర్లు విసరడానికి పెన్ను పట్టుకున్నదాన్ని, నా లెక్క చూసుకుంటే 35 కూడా రాలేదు.

అందుకని ఈ నాలుగు సినిమాల మీద నా తీర్పు ఇదీ. 'సంక్రాంతికి వస్తున్నాం' నవ్వుకోవడానికి చూడండి, నవ్వొస్తుంది. 'కోర్ట్' ఇంట్లో మగపిల్లలుంటే కూచోబెట్టి చూపించండి, మంగపతిని అనుకరిస్తే మాత్రం ఎందుకని అడగండి. '35' లెక్కలు రానివాళ్ళూ వచ్చినవాళ్ళూ చూడొచ్చు. 'ది గర్ల్‌ఫ్రెండ్' అమ్మాయిలకే గాక అమ్మలకీ చూపించండి. చూపించి, మధ్యలో ఆవిడ లేచి వెళ్ళిపోతే, సినిమా పోతే పోయింది, మీరూ లేచి వెళ్ళి పక్కన కూచోండి. సినిమా మళ్ళీ ఎక్కడైనా చూడొచ్చు.

మర్నాడు పొద్దున నేను అమ్మ దగ్గర పీట వేసుకుని కూచున్నాను. "అమ్మా, ఆవిడ ఏమై ఉంటుందంటావ్?" అని అడిగాను. నలభై ఏళ్ళు దాటిన కూతురు తల్లిని అభిప్రాయం అడగడం అదే మొదటిసారి కాబోలు, నాకే గొంతు కొత్తగా ఉంది.

అమ్మ నా మొహంలోకి చూసింది. చేటలో సగం చిక్కుళ్ళు నావైపు తోసింది.

"చెప్తాలే. ముందు ఈనెలు తియ్యి. చాలా చెప్పాలి."